కంప్రెసర్ మావ వేళ్ళు

నేను ఎవరి గుమ్మం ముందు బండి ఆపితే ఆ ఇంటికి ఆ పూట నుంచి చుట్టాలు రావడం మానేస్తారు. ఏజెన్సీలో నా ఉద్యోగం అలాంటిది. కుష్టు వ్యాధి చూసే ఆరోగ్య కార్యకర్తని. చొక్కా జేబులో ఒక బాల్‌పెన్ను, సంచిలో మాత్రల అట్టలు, ఇదీ నా సరంజామా. ఆఫీసులో నా హోదా ఎంత గొప్పగా రాసుకున్నా చింతపల్లి నుంచి సీలేరు దాకా నన్ను "కుష్టు బాబు" అనే అంటారు. నేను వస్తున్నానని తెలిస్తే చాలు, మనుషులు కాఫీ తోటల్లోకి జారుకుంటారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు తోటల్లోకే వెళ్ళి పట్టుకుంటాను.

నన్ను చూసి దాక్కోకపోగా వీధి అవతల నుంచి కేకేసి పిలిచి, చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇచ్చిన మనిషి నా సర్వీసు మొత్తంలో ఒక్కడే. అతను పోయాడని మొన్న పాడేరు బస్టాండులో తెలిసింది. చెప్పింది అతని అన్న. జీపు మీద మిరియాల బస్తాలు కట్టిస్తున్నవాడు నన్ను చూసి కిందికి దిగాడు.

"తమ్ముడు ఎలిపోనాడు బాబూ. వానల్లో జొరం వొచ్చింది. మంచాన కూడా పడలేదు."

"నాకు కబురు పెట్టొద్దూ?" అని కసిరాను.

"నీకు కబురెడితే ఊరు ఇంకోలాగ అనుకుంటాది కదేటి," అన్నాడు.

అది తమ్ముడు అనవలసిన మాట. అన్న నోట వినేసరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరం అక్కడే నిలబడి టీ తాగాం.

అతని అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. రాసినా వాళ్ళ ఊళ్ళోనే సగం మంది గుర్తుపట్టరు. చిన్నా పెద్దా అందరికీ అతను కంప్రెసర్ మావ. ఘాట్ రోడ్డు వెడల్పు చెయ్యాలంటే కొండని పేల్చాలి, పేల్చాలంటే ముందు రాతికి కన్నం పెట్టాలి. ట్రాక్టరు వెనక కంప్రెసర్ ఉంటుంది. దాన్నుంచి వచ్చే గాలి గొట్టం చివర ఓ ఇనప మిషను. దాని పిడిని రెండు చేతులా నొక్కి పట్టుకుంటే అది అదురుతూ రాతిలోకి దిగుతుంది. పొద్దున్న పట్టుకున్న పిడి మధ్యాహ్నం అంబలి వేళకి గానీ వదలరు. ఆ పని అతను ఏళ్ళ తరబడి చేశాడు.

మొదటిసారి చూసింది కూడా రోడ్డు మీదే. పేలుడు ఉందని బళ్ళు ఆపేశారు. రాతిపొడితో ఒళ్ళంతా తెల్లగా ఉన్న మనిషి నా దగ్గరికి వచ్చాడు. కంప్రెసర్ పక్కన బతికినందుకు చెవులు సగమే పనిచేసేవి, అందుకని ఎదుటివాడికీ సగమే వినిపిస్తుందనుకుని అరిచి మాట్లాడేవాడు.

"ఏటి బాబూ, నా రోడ్డు మీద ఆగిపోనావు?"

ఫలానా ఉద్యోగం అని చెప్పాను. ఆ మాటకి ఎవరైనా ఒకడుగు వెనక్కి వేస్తారు. ఇతను రెండడుగులు ముందుకేసి చెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్ళు నలిగి పచ్చడైపోయాయి. "అబ్బా, ఒదలవయ్యా," అన్నాను. అతను ఆశ్చర్యంగా తన చెయ్యి వంక చూసుకుని, "గట్టిగా అట్టుకున్నానేటి?" అన్నాడు. అడిగిన తీరు చూస్తే వేళాకోళం కాదు, నిజంగానే తెలియదు. నా బుర్రలో అప్పుడే ఒక గంట మోగింది. మా ఉద్యోగం అలాంటి గంటలు వినడమే.

మనిషి మాత్రం సరదా మనిషి. రాళ్ళతో మాట్లాడేవాడు. "రాయికి కోపం ఉండదు బాబూ, బద్ధకం. నిద్దర లేపితే సాలు," అనేవాడు. కొత్తగా పనిలోకి వచ్చినవాడు పిడిని కసిగా నొక్కుతుంటే, "మిషనుతోటి తగువెట్టుకోకు, అది నీ పళ్ళు లెక్కెడతాది," అని నవ్వేవాడు. చొక్కాకి గుండీలు పెట్టుకునేవాడు కాదు. చింతపల్లి చలికి నేను మఫ్లరూ స్వెట్టరూ వేసుకుని వణుకుతుంటే అతను రొమ్ము విరుచుకుని తిరిగేవాడు. "గుండీలు నాకు గిట్టవు. సలి అంటే నాకేటి బయం?" అనేవాడు. వాళ్ళ ఊరి జనం అది మగతనం అనుకునేవారు. అతని విద్య ఇంకొకటి ఉంది. పెళ్ళిళ్ళలో, పండగల్లో పొయ్యి మీద ఉడుకుతున్న డేగిసాని గుడ్డ లేకుండా ఉత్త వేళ్ళతో దింపేవాడు. ఆడవాళ్ళు "ఓలమ్మ" అనేవారు. అతను మీసం తిప్పేవాడు.

రాతికి కన్నాలు పెట్టే డ్రిల్లర్లకి ఒక ఆచారం ఉంది, అది వాళ్ళకే తెలిసిన ఆచారం. మిషను పట్టిన కొత్తలో రాత్రిళ్ళు చేతులు జిల పుట్టి, చీమలు పాకి, నిద్ర పట్టదు. ఆదివారం సెలవిస్తే తగ్గుతుంది. కొన్నాళ్ళకి తగ్గడం మానేస్తుంది. ఒక చలికాలం పొద్దున్న వేళ్ళు కొసల నుంచి సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. అది వచ్చిన రోజు మిగతా డ్రిల్లర్లు ఆ మనిషిని జీలుగు చెట్టు కింద కూర్చోబెట్టి దాని కల్లు పోస్తారు. తెల్లవేళ్ళు వచ్చాయంటే అసలైన డ్రిల్లరు అయినట్టు లెక్క. "సెయ్యి సచ్చినాకే పని బతుకుతాది," అన్నది వాళ్ళ సామెత. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంట్లో ఒక భాగం చచ్చిపోతుంటే విందు చేసుకుంటారా అని తిట్టాను. "మరేటి సెయ్యాల, ఏడాల?" అన్నాడు కంప్రెసర్ మావ.

నేను ఊరుకునే రకం కాదు. అదే నెలలో అతని చర్మమంతా చూశాను. ఎక్కడా మచ్చ లేదు. చెవి తమ్మెలు మామూలుగా ఉన్నాయి. మోచేతి వెనక నరం నా వేలికి లావుగా తగల్లేదు. కుష్టు అయితే ఎక్కడో ఒకచోట తన సంతకం పెడుతుంది, ఇక్కడ పెట్టలేదు. కానీ పది వేళ్ళ కొసలూ పెన్నుతో ముట్టుకుంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇది నా జబ్బు కాదు, మిషను జబ్బు అని నాకు అక్కడే తేలిపోయింది. అయినా పెద్ద డాక్టరు నోట వినిపిద్దామని విశాఖపట్నం తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ రెండు కాళ్ళ ఇనప చువ్వ ఒకటి తీసి, బల్లకి తట్టి, గుయ్యిమంటున్నదాన్ని అతని వేలి కొస మీద ఆనించింది.

"ఏమనిపిస్తోంది?"

"సల్లగా ఉంది."

"అదురుతోందా?"

అతను చువ్వ వంక చూశాడు. నాకు ఆ మోత వినిపిస్తూనే ఉంది. "నేదు. ఆగిపోనాది కదా," అన్నాడు. ఆమె మళ్ళీ తట్టి ఈసారి గడ్డం కింద ఆనించింది. మనిషి కుర్చీలో ఎగిరిపడ్డాడు. "ఇది మా మిషనుకి పిల్ల కాదేటి?" అని పకపకా నవ్వాడు. డాక్టరమ్మా నవ్వింది, నేనూ నవ్వాను. జీవితమంతా అదురుతో గడిపినవాడి వేళ్ళకి ఆ అదురే తెలియకుండా పోయింది.

తర్వాత చేతులకి వైర్లు తగిలించి, చిన్న చిన్న షాకులిచ్చి, వేలి నుంచి కబురు పైకి ఎంత వేగంగా పోతోందో చూశారు. మోచేతి పైన బాగానే పోతోందట. వేళ్ళ దగ్గరే నీరసంగా, ఆలస్యంగా నడుస్తోందట. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. వేలి కొసల్లో అదురుని పట్టుకునే నరాల కొనలు ఉంటాయి. కాసేపు అదిరిస్తే అవి మొద్దుబారతాయి, విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి. ఇది నాకూ తెలుసు, ఘాటీ ఎక్కి బండి దిగితే కాసేపు నా వేళ్ళూ తిమ్మిరెక్కుతాయి. కానీ రోజూ, ఏళ్ళ తరబడి అదిరిస్తే తేరుకోవడం మరిచిపోతాయి. చలికి రక్తనాళాలు కూడా ముడుచుకుపోయి వేళ్ళు తెల్లబడతాయి. మందు పెద్దగా లేదు, మిషను వదలడమే మందు.

"ఏళ్ళు సచ్చి పని బతికినాక ఇప్పుడు ఒగ్గీమంటారేటి?" అని అతను తిరుగు బస్సులో నన్ను ఎగతాళి చేశాడు. చివరికి వదిలాడు. కంప్రెసర్ ఇంజను దగ్గర కూర్చునే పనికి మారాడు. తెల్లబడడం కొంత తగ్గింది, స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. కానీ వదిలింది డాక్టరమ్మ చెప్పినందుకు కాదు, నేను తిట్టినందుకూ కాదు. ఒక ఆకు దొప్ప వల్ల వదిలాడు.

ఆ సంగతి చెప్పాలంటే జీలుగు చెట్టు గురించి చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో ఒక్కో కుటుంబానికి ఒక్కో జీలుగు చెట్టు. ఇతనిది తండ్రి నుంచి వచ్చిన చెట్టు, అన్నదమ్ములిద్దరిదీ. పొద్దున్నే దాని కింద అందరూ గుండ్రంగా కూర్చుంటారు. కుండలోంచి ఎండిన ఆనపకాయ బుర్రతో కల్లు ముంచి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తారు. ఒకే బుర్ర తిరుగుతుంది. తగువులు తీరేదీ, పెళ్ళిళ్ళు కుదిరేదీ, వేరే ఊళ్ళ కబుర్లు తెలిసేదీ అక్కడే. ఆ గుండ్రంలో చోటు లేనివాడికి ఊళ్ళో ఇల్లున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చెట్టెక్కి కల్లు ఊరేలా పూగెల కొస కోసేది కంప్రెసర్ మావే. కోత ఉల్లిపొరంత పల్చగా పడాలి. మందంగా పడితే ఊట ఎండిపోతుంది. అది కంటితో కొలిచేది కాదు, కత్తి వెనక బొటనవేలు ఆనించి తెలుసుకునే కొలత. ఆ ఏడు గెల నడిమధ్యలో ఎండిపోయింది. ఇంకో గెలకి కోత పెట్టాడు, అదీ ఎండింది. చెట్టు అలిగిందన్నారు. చెట్టు ఎందుకు అలుగుతుంది, చెయ్యి చెడితే అలుగుతుంది అన్నారు ఇంకొందరు.

ఆ మాట చల్లారకముందే రెండో దెబ్బ తగిలింది. చలికాలం పొద్దున్న డ్రిల్లర్లు పనికి ముందు మంట వేసుకుని చేతులు కాచుకుంటారు. అతను మంట పక్కన కబుర్లు చెబుతూ చెబుతూ ఆగి, "ఏదో మాడు వాసనొత్తంది, ఎవులిదిరా?" అన్నాడట. అందరూ బట్టలు చూసుకున్నారు. మాడుతున్నది అతని చూపుడువేలు.

పుండు పడింది. నొప్పి లేని పుండు. కొండల్లో నొప్పి లేని పుండంటే ఒకటే అర్థం. మర్నాడు అతను చెట్టు కింద తన చోట కూర్చున్నప్పుడు బుర్ర అతని ముందు నుంచి దాటిపోయింది. అన్న లేచి, అడ్డాకులు రెండు కలిపి దొప్ప కుట్టి, కల్లు దాన్లో పోసి, అతనికి జానెడు దూరంలో నేల మీద పెట్టాడు.

అన్నని నేను తిట్టను. వాళ్ళ మేనత్తకి నిజంగానే ఆ రోగం వచ్చి ఊరవతల పాకలో పెట్టారట. పసివాడుగా ఉన్నప్పుడు అన్నే రోజూ కూడు పట్టుకెళ్ళి, దూరాన పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేవాడట. ఆ భయం ఒంట్లో ఇంకిపోయిన మనిషి అతను.

కంప్రెసర్ మావ ఆ దొప్ప ముట్టుకోలేదు. జీపెక్కి చింతపల్లి వచ్చాడు. నేను టీకొట్టు దగ్గరున్నాను. అతను షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. చేతులు రెండూ తువ్వాలులో చుట్టుకుని నిలబడ్డాడు.

"నీ పెన్ను అట్టుకుని మా ఊరు రా బాబూ. అందరి ముందరా నన్ను సూడాల."

"డాక్టరమ్మ రాసిచ్చింది ఉంది కదా, నేను చదివి వినిపిస్తాను."

"కాయితం సూసి కల్లు పోత్తారేటి?"

"మావా, అందరి ముందూ కళ్ళు మూసుకుని కూర్చుంటావు, నేను వేళ్ళు ముట్టుకుంటాను, నీకు తెలీదు. అది ఊరంతా చూస్తుంది. ఉన్న పరువు కూడా పోతుంది."

"తెల్దని నాకు తెల్దేటి? నువ్వు బేగి రా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. చెట్టు కింద జనం ఉన్నారు. నా బండి చూడగానే ఇద్దరు ముగ్గురు లేవబోయారు. "కూకోండి, మిమ్మల్ని కాదు," అని కంప్రెసర్ మావ గదమాయించాడు. మధ్యలోకి వచ్చి చొక్కా విప్పేసి చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు. మొదట వీపూ, రొమ్మూ, చేతులూ తిప్పి చూపించి మచ్చలు లేవని చెప్పాను. అన్నని పిలిచి తమ్ముడి మోచేతి నరం తడిమి చూడమన్నాను. అతను కదల్లేదు. సరే అని పెన్ను తీశాను.

"కళ్ళు మూసుకో. నేను ముట్టుకున్నచోట వేలు పెట్టి చూపించు."

మోచెయ్యి ముట్టుకున్నాను, చూపించాడు. మణికట్టు ముట్టుకున్నాను, చూపించాడు. అరచెయ్యి చూపించాడు. జనం కాస్త ముందుకి జరిగారు. తర్వాత వేలి కొస ముట్టుకున్నాను. అతను కదల్లేదు. రెండో వేలు ముట్టుకున్నాను. కాచుకుని ఉన్నవాడిలా తల కొంచెం వంచాడు గానీ చెయ్యి లేవలేదు. పది వేళ్ళూ అంతే. ముందుకి జరిగినవాళ్ళు వెనక్కి జరిగారు. ఒక ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుంది. అన్న నేల వంక చూస్తున్నాడు. నేను ఇలాంటి పరీక్షలు వందల మందికి చేశాను, ఆ రోజు చేసినంత భారంగా ఎన్నడూ చెయ్యలేదు.

అతను కళ్ళు తెరిచాడు. "అయిపోనాదా? సరే. నాకు తెల్లేళ్ళు వొచ్చినపుడు ఈ సెట్టు కిందే కూకోబెట్టి కల్లు పోసినోలు ఉన్నారు. ఆళ్ళు ఇప్పుడు లెగాల," అన్నాడు.

డ్రిల్లర్లు నలుగురు ఆ గుండ్రంలోనే ఉన్నారు. ఒక్కడూ లేవలేదు. ఎలా లేస్తారు? లేచి, వేళ్ళకి తెలియదని ఊరి ముందు తేలితే రేపు వాళ్ళకీ దొప్పే. కంప్రెసర్ మావ వాళ్ళని పేరు పెట్టి పిలవలేదు. ఒక్కొక్కడి ముఖం వంక చూశాడు, అంతే. పిలిస్తే అది వాళ్ళని బజారుకీడ్చడమవుతుంది. నేను అతన్ని ఆ క్షణం ఎంత గౌరవించానో చెప్పలేను.

మొదట లేచింది ఆ నలుగురిలో ఒకడైన అతని బావమరిది. కొత్తగా పెళ్ళి కుదిరినవాడు, అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేవాడు. వచ్చి నా ముందు కూర్చుని, "సూడు బాబూ," అని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మణికట్టు చూపించాడు, అరచెయ్యి చూపించాడు. వేలి కొసలు చూపించలేదు. ఆ తర్వాత రెండోవాడు వచ్చాడు. మూడోవాడు, నాలుగోవాడు కలిసే వచ్చారు. కొంచెం హెచ్చు, కొంచెం తగ్గు, అందరిదీ అదే కథ.

"ఇప్పుడు నువ్వు రా అన్నా," అన్నాడు కంప్రెసర్ మావ.

అన్న మిషను ముట్టుకోనివాడు. కాఫీ, మిరియం తప్ప ఇంకో పని ఎరగడు. అయిష్టంగా వచ్చి కూర్చున్నాడు. నేను పెన్ను ఆనీ ఆనకుండా ఆనించాను. ప్రతిసారీ ఠక్కున చూపించాడు. ఇంకో ఇద్దరు రైతుల్ని చూశాను. వాళ్ళూ చూపించారు. మిషను పట్టినవాళ్ళకి తెలియదు, పట్టనివాళ్ళకి తెలుస్తుంది. ఇంక నేను ఉపన్యాసం చెప్పక్కర్లేదు, అయినా చెప్పాను. ఇది అంటేది కాదు, పుట్టించింది ఆ పిడి అన్నాను. అంతటితో ఆగకుండా, నిజంగా కుష్టు అయినా మాత్రలు మింగుతున్న మనిషికి దొప్ప వెయ్యక్కర్లేదు, బుర్ర ఆపక్కర్లేదు అని గొంతెత్తి అరిచాను. ఆ మాట నేను ఎక్కడైనా అరుస్తాను.

"అది రేపు సెప్పుకో బాబూ. ఇయ్యాల నా పని అవనీ," అన్నాడు కంప్రెసర్ మావ. నవ్వింది నేనొక్కణ్ణే.

అన్న లేచాడు. కుండ దగ్గరికి వెళ్ళి బుర్ర నిండా కల్లు ముంచాడు. దారిలో ఎవరికీ ఇవ్వకుండా తెచ్చి తమ్ముడి ముందు చాచాడు. తమ్ముడు అందుకోలేదు. పౌరుషానికి పోతున్నాడేమో, ఇంత చేసి ఇక్కడ చెడగొడతాడేమో అనుకున్నాను.

"అట్టుకోరా," అన్నాడు అన్న.

"తడి బుర్ర. జారిపోనా నాకు తెల్దు," అన్నాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది.

అన్న తమ్ముడి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని రెండు చేతులూ తీసి బుర్రకి అటూ ఇటూ పెట్టాడు. ఆ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి అదిమి పట్టుకున్నాడు. పుండు మీద కూడా వేశాడు. బుర్ర పైకెత్తి నోటికి ఆనించాడు.

కంప్రెసర్ మావ కళ్ళు మూసుకుని తాగాడు. సగం తాగి, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఒగ్గీసేవేటి అన్నా?"

"నేదురా. అట్టుకునే ఉన్నాను," అన్నాడు అన్న.